తూర్పుకి ఒక్క సాలు

నా నడుము సంగతి ముందే చెప్పేస్తాను, మళ్ళీ మళ్ళీ ఎత్తకుండా. ఇరవై తొమ్మిదేళ్ళు కదిలే బస్సులో నిలబడి టిక్కెట్లు కొట్టిన నడుము అది. శ్రీకాకుళం చుట్టుపక్కల ఏ రోడ్డులో ఎక్కడ గొయ్యి ఉందో నాకంటే దానికే బాగా తెలుసు. రిటైరైన రోజు డిపోలో దండ వేసి, శాలువా కప్పి, "ఇంక హాయిగా విశ్రాంతి తీసుకోండి" అన్నారు. తీసుకుంటున్నాను. ఈ మాఘమాసం నుంచి పొద్దున్నే మా మేనత్త మడిలోకి దిగి, పారతో మట్టి తవ్వి, తట్టకెత్తి, నెత్తిన పెట్టుకుని, వాలు ఎక్కి, మా చేలో పోసి వస్తున్నాను. మళ్ళీ దిగుతున్నాను. మళ్ళీ ఎక్కుతున్నాను.

మాది గరువు. మెట్ట చేనుని మా వైపు అలాగే అంటారు. నరసన్నపేట నుంచి పడమటికి పోతే కొండ మొదట్లో రెండెకరాలు. మా ప్రాంతంలో నేల కొండల దగ్గర మొదలై సముద్రం వైపు జారుతుంది కాబట్టి మా గరువు కూడా తూర్పుకే వాలు. వేరుశెనగ, ఉలవలు, మేం చోడి అనే రాగి పండేవి. ఒకప్పుడు గోగు కూడా వేసేవాళ్ళం. చేను కింది కొసన గట్టు, గట్టు దిగితే మా అత్త వరిమడి. పెళ్ళిలో మా తాత పసుపు కుంకుమల కింద కూతురికి రాసిచ్చిన డెబ్భై సెంట్లు.

అత్తంటే మా నాన్న చెల్లెలు. డెబ్భై దాటింది. మావయ్య పోయి చాలా కాలమైంది. మనిషి సన్నగా, నిటారుగా ఉంటుంది, గొంతు మాత్రం ఊరి చివరికి వినిపిస్తుంది. ఆమెకి ఒక పట్టుదల ఉంది. తన మడిలో పండిన బియ్యం తప్ప ఇంకో బియ్యం తినదు. చుట్టాలింటికి వెళ్ళినా మూట కట్టుకుని వెళ్తుంది. "కొట్టు బియ్యం ఎంత తిన్నా కడుపు నిండినట్టుండదురా" అంటుంది. అలాంటి మనిషి ఈ ఏడాదంతా కొట్టు బియ్యమే తింది. దానికి కారణం నేను.

అక్కడికి వచ్చేముందు నాన్న గురించి చెప్పాలి.

నాన్న బతికున్న రోజుల్లో నాకు వ్యవసాయం అంటే ఏడాదికి ఒక్క రోజు. ఏరువాక పున్నమి. ఆ రోజుకి తప్పకుండా సెలవు పెట్టి, మొదటి బస్సులో ఊరు చేరేవాణ్ణి. అప్పటికే నాన్న ఎద్దుల్ని కడిగి, కొమ్ములకి రంగు పూసి, నాగలికి పసుపు రాసి ఉంచేవాడు. చేను పైకొసన తూర్పుకి తిరిగి సూర్యుడికి దణ్ణం పెట్టి మేడి పట్టుకునేవాడు. పైనుంచి కింది గట్టు దాకా ఒక్క సాలు, తాడు పట్టినంత తిన్నగా. సాలు వచ్చి ఆగే చోట అత్త గట్టు మీద పులగం గిన్నెతో నిలబడి ఉండేది. ఎద్దులకి తినిపించి, మిగిలింది మాకు పెట్టేది. మధ్యాహ్నం భోజనం చేసి రెండు గంటల బస్సుకి నేను డ్యూటీకి పోయేవాణ్ణి. బస్సులో నా సీటు పక్కనున్న ప్రయాణికులకి ఆ కథంతా చెప్పేవాణ్ణి కూడా. రైతుబిడ్డనని, మాది తూర్పు దుక్కి అని.

ఆ ఒక్క సాలు తర్వాత మిగతా రెండెకరాలు నాన్న ఎలా దున్నేవాడో నేను ఎప్పుడూ చూడలేదు. నాటకంలో మొదటి రంగం చూసి లేచి వచ్చేసి, కథంతా తెలుసని చెప్పుకునే మనిషిని నేను. ఇది తెలియడానికి నాకు పద్నాలుగేళ్ళు పట్టింది.

ఒకటి మాత్రం గుర్తుంది. వేసవిలో కిందికి జారిన మట్టిని నాన్న అత్త మడిలోంచి నాలుగు తట్టలు తెచ్చి పైన పోసుకునేవాడు. ఊళ్ళో గరువులున్న వాళ్ళంతా చేసే పనే అది. అత్త ఊరికే ఇచ్చేది కాదు. నడుము మీద చేతులు పెట్టుకుని, "పుట్టింటి మట్టి తనంతట తనే నడిసి వచ్చింది. నాను రమ్మన్నానేటి? అన్న పంపిన సారె ఇది, ఎనక్కి ఇయ్యను" అనేది. నాన్న నవ్వుతూనే తట్ట నింపుకునేవాడు. ఆడపడుచుకి పుట్టింటివాళ్ళు పంపే సారెలో మట్టి కూడా ఉంటుందని నేను ఆ వేళాకోళం వల్లే తెలుసుకున్నాను.

నాన్న పోయాక గరువు నా చేతికి వచ్చింది. ఎద్దుల్ని అమ్మేశాం. ట్రాక్టరు పిలిచాను. డ్రైవరు చేను అంతా కలయతిరిగి, "రాళ్ళ వరసలున్నాయి బాబూ, గొర్రు పళ్ళు ఇరిగిపోతాయి. ఇవి తీయించీండి" అన్నాడు. నిజమే, చేను అడ్డంగా, ఎద్దులు పోయేంత సందు మాత్రం వదిలి, మోకాలెత్తున నాలుగైదు చోట్ల రాళ్ళు పేర్చి ఉండేవి. దున్నేటప్పుడు ఏరిన రాళ్ళని నాన్న పక్కకి పోగేశాడని నేను అనుకున్నాను. ఏరినవి చేను మధ్యలో ఎందుకు పోగేస్తాడని బుర్రకి తట్టలేదు. అప్పుడే నరసన్నపేటలో ఇల్లు కట్టుకుంటున్నాను. రాళ్ళన్నీ ట్రక్కులో వేయించి పునాదిలోకి, వీధి మెట్లలోకి వాడించాను. కలిసొచ్చిందని సంతోషపడ్డాను కూడా.

"ఎటు దున్నమంటారు?" అన్నాడు డ్రైవరు.

"తూర్పుకి. మా నాన్న అలాగే దున్నేవాడు" అన్నాను.

అతనికి అంతకంటే కావలసిందేముంది. చేను పొడవు అటే. "నిలువునా అయితే మలుపులు తక్కువ, డీజిలు కలిసొస్తాది" అని పైనుంచి కిందికి, కిందినుంచి పైకి పావుపూటలో చుట్టేశాడు. కింద గట్టు మీద అత్త నిలబడి చూస్తోంది.

"ఏటిరా, ఇలగ దున్నిస్తన్నావు?" అంది.

"తూర్పుకే కదా అత్తా నాన్న దున్నేది?"

ఆమె నా మొహంకేసి, దుక్కికేసి కాసేపు చూసి, "నీ ఇష్టం నాయినా" అని వెళ్ళిపోయింది. ఒప్పుకుందనుకున్నాను.

మొదటి నాలుగైదేళ్ళు ఏమీ తెలియలేదు. ఆ తర్వాత వానలు మారిపోయాయి. నా చిన్నప్పుడు ముసురు పట్టేది. నాలుగు రోజులు, ఐదు రోజులు ఆగకుండా తుంపర. బట్టలు ఆరవు, పొయ్యి రాజదు, ఇంటిల్లిపాదీ విసుక్కునేవాళ్ళు. ఆ విసుగు ఇప్పుడు ఎక్కడైనా దొరికితే కళ్ళకద్దుకుంటాను. ఇప్పుడు ఇరవై రోజులు ఎండ మాడ్చేస్తుంది, నేల పెంకులా ఎండిపోతుంది, ఆ తర్వాత ఒక మధ్యాహ్నం నెలరోజుల వాన గంటన్నరలో కురిసి పోతుంది. ఫోన్లో పసుపు రంగు హెచ్చరిక, నారింజ రంగు హెచ్చరిక వస్తూనే ఉంటాయి. చూసి ఏం చేయాలి? చేనుకి గొడుగు పట్టలేం కదా.

అలాంటి వానకి నా తూర్పు సాళ్ళు సిద్ధంగా తవ్వి పెట్టిన కాలవలు. ప్రతి సాలులోనూ నీళ్ళు పరుగెత్తేవి. ఒక ఏడాది విత్తిన వేరుశెనగ గింజలు కూడా కిందికి పోయి గట్టు దగ్గర కుప్పగా మొలిచాయి. అది చూసి ఊళ్ళో వాళ్ళు నవ్వారు, నేనూ నవ్వాను. మరుసటేడు చేను మధ్యలో ఒక గాడి పడింది. తర్వాతి ఏడు ఆ గాడిలో నా కాలు మోకాలు దాకా దిగింది. పైకొసన మట్టి పోయి గులకరాళ్ళ ఎర్రటి గరప బయటపడింది. అందులో ఉలవ కూడా మొలవదు. డ్యూటీ నుంచి ఫోన్లోనే వ్యవసాయం కాబట్టి, ఫోన్లోనే తిట్టాను. వానని తిట్టాను, డ్రైవర్ని తిట్టాను, ఎరువుల కొట్టువాణ్ణి కూడా తిట్టాను. నన్ను తప్ప అందర్నీ తిట్టాను.

రిటైరయ్యాక నా చేతికి బోలెడంత తీరిక వచ్చింది. తీరికున్న మనిషి ఊరుకోడు. మట్టి పోతోంది కాబట్టి కింద అడ్డుకట్ట వేస్తే ఆగుతుంది కదా అని, మట్టి తవ్వే యంత్రం పిలిపించి చేను కింది కొసన రొమ్మెత్తు గట్టు పోయించాను. వచ్చిన వాళ్ళందరికీ దాన్ని చూపించాను. దాని మీద నిలబడి ఫోటో తీయించుకున్నాను. అత్త మాత్రం దాన్ని చూసి, "ఇంత నీరు ఒక్క సోట నిలబెడితే అది ఊరుకుంటాదేటిరా?" అంది. ఆమెకి భయం ఎక్కువని కొట్టిపారేశాను.

నిరుడు శ్రావణమాసంలో ఆమె ఉభాలు, అంటే వరి నాట్లు, అయిన పదో రోజున వాన పడింది. గట్టు వెనక నీళ్ళు చెరువులా నిలబడ్డాయి. గంటసేపు ఆపింది నా గట్టు, పాపం. తర్వాత మధ్యలో గండి పడి, నీళ్ళూ గట్టూ చేనూ కలిసి అత్త మడి మీద పడ్డాయి. నేను చేరేసరికి డెబ్భై సెంట్లలో ముప్పాతిక పైగా రాళ్ళు, గరప, ఎర్రమట్టి. నాటిన నారు ఎక్కడుందో కూడా తెలియలేదు. కొన్ని చోట్ల పచ్చటి కొసలు మాత్రం బయటికి కనబడుతున్నాయి.

అత్త ఏడవలేదు, తిట్టలేదు. తిడితే బాగుండేది. "నీ మట్టి నువ్వు పట్టుకుపో" అని ఒక్క మాట అని ఇంటికి వెళ్ళిపోయింది. తర్వాత ఆరేడు నెలలు నాతో మాట్లాడలేదు. మిగిలిన చెక్కలో పండింది విత్తనాలకి సరిపోయింది. కార్తీకంలో ఒకసారి ఆమె ఇంటికి వెళ్తే గుమ్మం పక్కన కొట్టు బియ్యం సంచి కనబడింది. నేను చూశానని ఆమెకి తెలిసి, లేచి దాని మీద గుడ్డ కప్పింది. ఆ గుడ్డ కప్పడం నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

అందుకే మాఘంలో చుట్టుపక్కల కోతలు, నూర్పులు అయ్యాక తట్ట పట్టుకున్నాను. యంత్రం పెట్టిస్తే మడి కిందనున్న అడుసు పొర చెడిపోతుంది, నీళ్ళు నిలవవు అన్నారు. కూలివాళ్ళు నాలుగు రోజులు వచ్చి, ఇంకా మంచి పని దొరికి పోయారు. నేను మిగిలాను. రోజుకి ఇరవై తట్టలు మోస్తే మడిలో మంచమంత జాగా శుభ్రపడేది. పడుకుంటే కలలో కూడా ఎక్కుతూనే ఉండేవాణ్ణి. ఇరవై తొమ్మిదేళ్ళు జనాన్ని ముందుకి జరగండి, ముందుకి జరగండి అన్న పాపానికి ఇప్పుడు జరిగిపోయినదాన్ని వెనక్కి మోస్తున్నానని మా ఆవిడ వేళాకోళం చేసేది. నవ్వడానికి ఓపిక ఉండేది కాదు.

ఫాల్గుణంలో ఒక పొద్దున అత్త చెంబుతో చోడి అంబలి పట్టుకుని వచ్చింది. నా ముందు పెట్టింది. ఎదురుగా గట్టు మీద కూర్చుంది.

"ఎన్నాళ్ళు మోస్తావురా ఇలగ?" అంది. ఆరేడు నెలల తర్వాత మొదటి మాట.

"అయ్యేదాకా."

"ఇది అవ్వదు. నువ్వు మోసేది తట్టతోటి. అది వచ్చేది గెడ్డ పొంగినట్టు. నువ్వు దున్నించడమే బాగోనేదు."

"నాన్న దున్నినట్టే కదా అత్తా దున్నిస్తున్నాను" అన్నాను విసుగ్గా.

"మీ నాన్న ఎప్పుడు దున్నాడురా అలగ?" అంది. "తూర్పుకి ఒక్క సాలు. అది దేవుడికి. మర్నాటి నుంచి అంతా అడ్డమే. ఈ కొస నుంచి ఆ కొసకి, ఆ కొస నుంచి ఈ కొసకి. ఆ దేవుడి సాలు కూడా అడ్డసాళ్ళతోటి కప్పేసీవోడు. ఎద్దులు మాత్రం నిలువునా ఎక్కుతాయేటి? ఆటికి ఆయాసం ఉండదేటి?"

నేను అంబలి చెంబు కింద పెట్టి చేనుకేసి చూశాను. ఎద్దుకి ఎక్కడం కష్టం కాబట్టి అది వాలుకి అడ్డంగా, ఒకే ఎత్తులో నడుస్తుంది. నాన్న దాని వెనక నడిచాడు. ట్రాక్టరుకి ఆయాసం లేదు. ఆ చిన్న సంగతి మీదే మా చేను ఇన్నాళ్ళు నిలబడి ఉందని నాకు ఎవరూ చెప్పలేదు, నేను ఎవర్నీ అడగలేదు.

"నీ ఇంటి మెట్లలో ఉన్నాయే రాళ్ళు," అంది అత్త, "అవి మా అయ్య పేర్సినవి. జారిన మట్టి ఆటి దగ్గర ఆగీది. ఏటా జారినవి మీ నాన్న సర్దీవోడు."

నాకు కోపం వచ్చింది. ఒళ్ళంతా నొప్పులతో ఉన్న మనిషికి వచ్చే కోపం అది, ముందూ వెనకా చూడదు. "పద్నాలుగేళ్ళు కళ్ళముందు చూస్తూ ఊరుకున్నావా? ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయేది?" అని అరిచాను. పక్క చేలో మేస్తున్న మేకలు కూడా తలెత్తాయి.

అత్త తల దించుకోలేదు. నా మొహంలోకే చూసింది.

"మొదట్ల సెబుదామనే వచ్చాను. ఉజ్జోగస్తుడివి, ఇనవులే అనుకున్నాను. ఆ తరవాత సెప్పనేదు. నీ గరువు మట్టి పడుతుంటే నా మడి బాగా పండిందిరా. ఎరువు ఎయ్యకండా పండింది. అన్న పోయినా సారె వస్తన్నాదనుకున్నాను. అందుకే నోరు మూసుకున్నాను. రాళ్ళు రావడం మొదలెట్టినాక సెబుదామంటే, ఇన్నాళ్ళూ ఎందుకు సెప్పనేదని అడుగుతావని బయం. ఇదిగో, అడిగావు."

కోపం ఎటు పోయిందో పోయింది. నేను తెలియక పోగొట్టాను, ఆమె తెలిసి తీసుకుంది, చివరికి ఇద్దరికీ మిగలలేదు. అంబలి తాగాను. ఉప్పు ఎక్కువైంది. చెప్పలేదు.

ఈ వేసవి మా ఇద్దరి వేసవి. గ్రామ సచివాలయంలో వ్యవసాయం చూసే అమ్మాయి వచ్చి, వాలుకి అడ్డంగా సమానమైన ఎత్తులో గీతలు తీసుకుని రాళ్ళు పేర్చండి, పక్కన వట్టివేరు నాటండి, పెద్ద గట్టు ఒక్కటి కాదు, చిన్న వరసలు ఎక్కువ ఉండాలి అని చెప్పింది. అత్త విని, "మా అయ్య సెప్పిందే సెప్తన్నాది. ఈ పిల్ల మా ఇంట పుట్టవలసింది" అంది. సమానమైన ఎత్తు తెలియాలంటే ఎద్దుల కాళ్ళు లేవు కదా. మా వీధి తాపీమేస్త్రి దగ్గర నీళ్ళగొట్టం అరువు తెచ్చాను. కళ్ళకి కనబడే ప్లాస్టిక్ గొట్టం, నిండా నీళ్ళు, రెండు కొసల్లో రెండు కర్రలు. రెండు కొసల్లోనూ నీరు ఒకే గుర్తు దగ్గర నిలిస్తే ఆ రెండు చోట్లూ ఒకే ఎత్తు. ఒక కొస నేను, ఇంకో కొస అత్త.

"నీ యేపు పల్లమైపోనాది, కొంచిం ఎక్కు!" అని ఆమె అరుపు. "కదపకు అత్తా, నీరు ఊగుతోంది" అని నా అరుపు. పొద్దున ఆరింటికి మొదలెట్టి ఎండెక్కేదాకా, రోజుకో గీత. ఆమె చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని, కర్ర పట్టుకుని, డెబ్భై ఏళ్ళు పైబడిన మనిషి ఆ గరప మీద చెప్పుల్లేకుండా నడుస్తుంటే నాకు చూడబుద్ధయ్యేది కాదు. వద్దంటే వినదు. "నువ్వు ఒక్కడివీ కొలిస్తే మళ్ళీ తూర్పుకే పోతావు" అనేది.

రాళ్ళకి వెతుక్కోనక్కరలేకపోయింది. అత్త మడిలో ఉన్నవే చాలు. ఆమె పంటని కప్పేసిన రాళ్ళనే ఏరి, మోసి, గీతల మీద పేర్చాం. ఏడు వరసలు వచ్చాయి. మా తాత ఒక్కడూ, నాన్న ఒక్కడూ చేసిన పని నేను, అత్త, మధ్యలో వచ్చి పోయిన కూలివాళ్ళు కలిసి చేసినా వాళ్ళ వరసంత తిన్నగా రాలేదు. అక్కడక్కడ ముసలివాడి పళ్ళలా ఉన్నాయి. వరసల వెంట వట్టివేరు పిలకలు, కంది గింజలు పెట్టాం. పైకొసన గరప బయటపడ్డ చోట మాత్రం ఏమీ చేయలేకపోయాం. అక్కడ మళ్ళీ మట్టి పుట్టడానికి నా ఆయుష్షు చాలదు. ఆ సంగతి నాకూ తెలుసు, ఆమెకీ తెలుసు, ఇద్దరం అటు చూడటం మానేశాం.

ఏరువాకనాడు అదే డ్రైవరు వచ్చాడు. ముందు తూర్పుకి ఒక్క సాలు, మిగతాదంతా అడ్డం అన్నాను. వరసలు కదపకుండా, వాటికి తగలకుండా దున్నాలన్నాను. "ఒక్క సాలుకి ఈ వరసలన్నీ తప్పించుకుని కిందికి దిగాలా బాబూ?" అన్నాడు. అత్త పసుపు గిన్నెతో ట్రాక్టరు ముందుకి వచ్చి, ఇంజను మీద బొట్టు పెట్టి, "దేవుడికి ఆపాటి సెయ్యలేవేటిరా? మొదటి వరస దాకా దున్నితే సాలు" అంది. దేవుడికి ఈ ఏడాది అంతే దక్కింది. తర్వాత అడ్డంగా దున్నడానికి పూటన్నర పట్టింది. డ్రైవరు మలుపు మలుపుకీ నాకేసి చూశాడు.

ఆషాఢం చివర్లో అల్పపీడనం అన్నారు. ఆ వారమే అత్త ఉభాలు. ఆకుమడిలో నారు ఎదిగి ఉంది, కూలివాళ్ళని మాట్లాడుకుంది. సగం మడి శుభ్రపడి, దమ్ముకి సిద్ధంగా ఉంది. మిగతా సగం ఇంకా ఎర్రగానే ఉంది. ఆ మధ్యాహ్నం నేను నరసన్నపేటలో ఇంట్లో ఉన్నాను. రెండింటికి వాన మొదలైంది. వీధి మెట్ల మీద, ఆ రాళ్ళ మీదే, చూరు కింద కూర్చున్నాను. ఎదురింటి గోడ కనబడలేదు. మా ఆవిడ రెండుసార్లు లోపలికి రమ్మంది. నేను మనసులో ఒక్కో వరసా లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. ఒకటో వరస పోయుంటుంది. రెండోది పోయుంటుంది. అత్త మడి మళ్ళీ కప్పేసి ఉంటుంది. ఆమెకి ఏం మొహం చూపించను? మళ్ళీ తట్ట ఎత్తగలనా? ఎత్తలేననిపించింది. ఆ మాట నాకు నేను చెప్పుకోవడం అదే మొదటిసారి.

నాలుగింటికి వాన ఆగింది. బండి తీశాను. ఊరి దగ్గర గెడ్డ, అదే కొండవాగు, రోడ్డు మీదికి వచ్చింది. బండి అక్కడే వదిలేసి, మోకాలి లోతు నీళ్ళలో నడిచి చేను చేరాను.

మూడో వరసలో రాళ్ళు జారాయి. మనిషి పట్టేంత సందు పడి, అక్కడినుంచి మట్టి కిందికి జారింది. కానీ నాలుగో వరస దగ్గర ఆగింది. ఐదో వరస వెనక బురద నీళ్ళు నిలబడి, రాళ్ళ సందుల్లోంచి నెమ్మదిగా కారుతున్నాయి. అంత వానకి నీళ్ళు అలా నడుచుకుంటూ కిందికి దిగడం నేను ఎప్పుడూ చూడలేదు. గండి పూడ్చుకున్న కింది గట్టు నిలిచే ఉంది.

అత్త మడిలో ఉంది. నాకంటే ముందే వచ్చేసింది. తడిసి ముద్దయి, మోచేతుల దాకా నీళ్ళలో ముంచి అడుగు వెతుకుతోంది. నేను గట్టు మీదే ఆగిపోయాను. ఆమె నీళ్ళలోంచి గుప్పెడు తీసి, వేళ్ళు విప్పి చూసింది. రాళ్ళు లేవు. గరప లేదు. పలచటి, మెత్తటి ఎర్రమట్టి, అంతే.

"ఎల్లుండి ఉభాలు" అంది, నాకేసి చూడకుండా.

నేను గట్టు మీద కూలబడ్డాను. సంతోషం అనలేను. ఇంకా బాగు చేయని సగం మడి కళ్ళముందే ఉంది. మూడో వరస మళ్ళీ పేర్చాలి. వచ్చేసారి వాన ఇంతకంటే పెద్దదైతే ఏమవుతుందో ఎవరికి తెలుసు? అలాగే పడుకుందామనిపించింది.

అత్త గట్టు వారన బోర్లించిన నా తట్ట తీసింది. మడి మూల, నీళ్ళతో వచ్చి పేరుకున్న ఆ కాస్త మట్టినీ చేత్తోనే ఎత్తి తట్టలో వేసింది. గట్టెక్కి వచ్చి, లెమ్మన్నట్టు నా భుజం తట్టింది.

"ఆ కాస్తా ఉంచుకో అత్తా. మడికి మంచిదే కదా" అన్నాను. నిజంగానే అన్నాను.

"వద్దురా. తీసుకున్న సారె సరిపోనాది. ఈసారి దాసుకోను" అంది. తట్ట ఎత్తి నా నెత్తిన పెట్టింది. "మా అన్న సేలో పోసీ."

తట్టలోంచి బురద నీళ్ళు కారి కళ్ళలో పడ్డాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు. మోసిన వాటన్నిటిలోకీ అదే తేలికైన తట్ట. ఎక్కడానికి మాత్రం చాలాసేపు పట్టింది.